పంచుకున్న మాటకు పూచీ: సోషల్ మీడియా, పిల్లలు, మన బడి (స్మారక ఉపన్యాసం)

నాకు బడిలో చదువు చెప్పిన మాస్టారి పేరిట ఆయన శిష్యులు నెలకొల్పిన ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. సోషల్ మీడియాలో మన పిల్లలు ఎలా మసలుకుంటున్నారో, అందులో పంతుళ్లుగా మన పని ఏమిటో ఈ పూట మాట్లాడతాను.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖంతో ఒక వీడియో దేశమంతా తిరిగింది. అందులో ఉన్నది ఆమె కాదు. బ్రిటన్‌లో ఉండే మరో యువతి తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న వీడియోకు కృత్రిమ మేధతో రష్మిక ముఖాన్ని అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఈ కేసులో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. మన ఆంధ్రప్రదేశ్ కుర్రాడే. ఇంజనీరింగ్ చదివాడు. పోలీసులు చెప్పినదాన్ని బట్టి అతనికి ఆ నటి మీద పగ ఏమీ లేదు. ఆమె పేరిట అభిమానుల పేజీ నడుపుతున్నాడు, ఆ పేజీకి ఫాలోయర్లు పెరగాలని ఈ పని చేశాడు. నేరం తేల్చవలసింది కోర్టు. నేను ఆలోచించేది ఆ కారణం గురించే.

పగతో చేసేవాణ్ణి శిక్ష చూపించి కొంతవరకు భయపెట్టవచ్చు. అభిమానం పేరు చెప్పుకుంటూ, లెక్క పెరిగితే చాలనుకుంటూ, అవతల ఒక మనిషి ఉందన్న స్పృహే లేకుండా చేసేవాడిని ఏ శిక్ష భయపెడుతుంది? తాను తప్పు చేస్తున్నానని వాడికి తోస్తేనే కదా! ఒకటో తరగతి నుంచి బీటెక్ దాకా మనం పిల్లవాడికి పదహారేళ్లు చదువు చెబుతాం. ఆ పదహారేళ్లలో ఎక్కడైనా, ఏ పీరియడ్‌లోనైనా, నలుగురి ముందు పెట్టే మాటకూ బొమ్మకూ పూచీ పడటం వాడికి అలవాటు చేస్తున్నామా? నీతిబోధ చాలానే చేస్తున్నాం. నేను అడిగేది అభ్యాసం గురించి. ఎక్కాలు వల్లె వేయించినట్టు, పూచీ పడటాన్ని కూడా చేతితో చేయించి నేర్పవలసిందే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫోను చుట్టూ నడిచే కథ మీకందరికీ తెలుసు. పదో తరగతి దాకా నాన్న ఫోను, అమ్మ ఫోను. ఇంటర్‌లో రెసిడెన్షియల్ కాలేజీ, రెండేళ్లు ఫోను ముట్టకూడదు. ఆదివారం వార్డెన్ దగ్గర నిలబడి ఇంటికి ఒక కాల్. రెండేళ్లు గడిచాక ఇంజనీరింగ్‌లో చేరిన రోజున కొత్త ఫోను, కొత్త ఊరు, అడిగేవాళ్లు లేని హాస్టల్ గది. ఈ రెండు స్థితుల మధ్య నేర్చుకునే దశ అంటూ ఒకటి ఉండాలి. దాన్ని మనం పూర్తిగా ఎగరగొట్టాం. మొదటి ఏడాది కుర్రాళ్లు హీరోల అభిమానుల మధ్య జరిగే ఫ్యాన్ వార్‌లలో దిగి, అవతలి హీరో భార్యనూ పిల్లలనూ కూడా తిట్టే పోస్టులు చూస్తుంటే నాకు కోపం కంటే బాధే ఎక్కువ కలుగుతుంది. వాళ్లలో చాలామంది ఎదురుపడితే తల వంచుకుని నమస్కారం పెట్టే పిల్లలే.

పల్లెటూరి బడుల్లో ఫోన్లెక్కడివి అనే మిత్రులు ఇంకా ఉన్నారు. 2024 ‘అసర్’ విద్యా సర్వే నివేదిక గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగి చూసింది. స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవాళ్లు నూటికి 80 మందికి పైనే. వాళ్లలో సర్వేకు ముందు వారంలో చదువు కోసం ఫోను వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. ఫోను వాడగలిగినవాళ్లలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. ఈ చివరి రెండు అంకెలూ గుర్తుంచుకోండి, అమ్మాయిల సంగతి దగ్గర మళ్లీ అవసరమవుతాయి.

సొంత ఫోను లేకపోవడం రక్షణ అనుకుంటాం. జరిగేది దానికి వ్యతిరేకం. 18 ఏళ్లలోపు పిల్లల ఖాతాలకు కట్టుదిట్టాలు పెడుతూ ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో ‘టీన్ అకౌంట్లు’ ప్రకటించింది. ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్లు సందేశాలు పంపలేరు. మంచి ఏర్పాటే. కానీ ఎనిమిదో తరగతి పిల్ల వాడేది నాన్న ఖాతా, లేదా పుట్టిన సంవత్సరం మార్చి తెరిచిన ఖాతా. కంపెనీ లెక్కలో ఆ పిల్లకు నలభై ఏళ్లు. కట్టిన కంచె వేరేవాళ్ల పొలం చుట్టూ ఉంది.

నిషేధం మాటా వినిపిస్తోంది. 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని ఆస్ట్రేలియా 2024లో చట్టం చేసింది, 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తోంది. జరిమానా పిల్లలకో తల్లిదండ్రులకో కాదు, కంపెనీలకే. ఆ న్యాయం నాకు నచ్చింది. పసివాళ్ల చూపును గంటల తరబడి పట్టి ఉంచడానికి తెరను తీర్చిదిద్దినవాళ్లే ముందు జవాబు చెప్పాలి. అయినా పదహారేళ్లు నిండిన మర్నాడు ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పటికి పిల్లకు ఏం నేర్పి ఉంచామన్న ప్రశ్న ఆస్ట్రేలియా పంతులుకూ తప్పదు, మనకూ తప్పదు.

నేర్పడం ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, గద్వాల దాకా వెళితే చాలు. 2018 వేసవి గుర్తుందా? పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ నిండా వీడియోలు. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలోని రాయిన్‌పాడాలో భిక్షాటన చేసుకునే సంచార జాతివాళ్లు ఐదుగురిని ఊరి జనం కొట్టి చంపారు. దేశంలో ఇంకా చాలాచోట్ల అలాంటివే జరిగాయి. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి గారు. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకునే జనం పొద్దు గూకగానే తలుపులు బిగించుకుంటున్నారని ఊళ్లకు వెళ్లిన కానిస్టేబుళ్లు ఆమెకు చెప్పారు. కారణం ఫోన్లలో తిరుగుతున్న వీడియోలు. ఆమె వట్టి హెచ్చరిక ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. కానిస్టేబుళ్లు గడప గడపకూ వెళ్లారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. డప్పు కొట్టి చాటించారు, పాటలు కట్టించి పాడించారు. నాలుగు వందలకు పైగా ఊళ్లలో ఆ పని జరిగింది. ఆ రెండు జిల్లాల్లో ఈ వదంతి వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

ఆ రోజుల్లో తిరిగిన ఒక వీడియోను తరగతి గదిలో పాఠంగా పెట్టుకోమని నేను ప్రతి ఉపాధ్యాయుణ్ణీ అడుగుతాను. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. ఇద్దరు మోటారు సైకిల్ మీద వచ్చి ఒక చిన్నవాణ్ణి ఎత్తుకుని పోతారు. అంతే వీడియో. చూసినవాళ్లకు వణుకు పుట్టింది. నిజానికది పాకిస్తాన్‌లోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ అవగాహన కోసం తీయించిన చిత్రం. అసలు దానిలో ఆ ఇద్దరూ వెనక్కి తిరిగి వచ్చి పిల్లవాణ్ణి దించేస్తారు, పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలునని రాసిన కాగితం చూపిస్తారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కోసేశారు. పిల్లలను కాపాడాలని తీసిన బొమ్మ మనుషుల ప్రాణాలు తీయడానికి పనికొచ్చింది.

ఇందులో మార్చిన దృశ్యం ఒక్కటీ లేదని గమనించండి. కృత్రిమ మేధ లేదు, అతుకు లేదు. కోత ఒక్కటే. ‘ఇది ఫేకా, నిజమా’ అన్న ప్రశ్న పిల్లలకు నేర్పితే సరిపోదని ఈ వీడియో చూపుతుంది. దీనికి ముందేముంది, వెనకేముంది? ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, ఎందుకు తీశారు? తెలుగు పాఠంలో సందర్భసహిత వ్యాఖ్య రాయించేటప్పుడు మనం అడిగే ప్రశ్నలే ఇవి. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో చెప్పలేనివాడికి ఆ మాట అర్థం కానట్టేనని మార్కులు కోస్తాం. అదే పిల్లవాడు సాయంత్రం ఇంటికెళ్లి సందర్భం తెలియని వీడియోను యాభై మందికి పంపుతున్నాడు. మన దగ్గర పనిముట్టు ఉంది, పేపరు దిద్దడానికి తప్ప వాడటం లేదు. ఆ 2018 జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. యంత్రానికి హద్దు పెట్టారు, మంచిదే. ఆ ఐదు చాట్‌లకైనా పంపాలా వద్దా అన్న తీర్పు వేలు నొక్కేవాడి చేతిలోనే ఉండిపోయింది.

చదువుకున్నవాళ్లకు ఇదంతా వద్దనుకునేవారి కోసం ఒక పరిశోధన సంగతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే ఇద్దరు 2017లో దాన్ని ప్రకటించారు. పదిమంది చరిత్ర ఆచార్యులు, పదిమంది వృత్తి నిజనిర్ధారకులు, ఇరవై ఐదుమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. అందరికీ కొన్ని వెబ్‌సైట్లు చూపి నమ్మదగ్గవేవో తేల్చమన్నారు. పిల్లల వైద్యుల సంఘాలవి రెండున్నాయి. ఒకటి వేలాదిమంది సభ్యులున్న పాత సంఘం. రెండోది దాన్నుంచి 2002లో విడిపోయిన చిన్న గుంపు, పేరు మాత్రం అంతే గంభీరంగా ఉంటుంది. ఆచార్యుల్లో చాలామంది, విద్యార్థుల్లో ఎక్కువమంది తడబడ్డారు. వాళ్లు ఆ పేజీలను శ్రద్ధగా చదివారు. భాష చూశారు, చిహ్నం చూశారు, అడుగున ఇచ్చిన ఆధారాలు చూశారు. నిజనిర్ధారకులు అసలు చదవలేదు. కొన్ని క్షణాలు చూసి ఆ పేజీ వదిలేసి, ఈ సంఘం గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. నిమిషాల్లో గుట్టు బయటపడింది.

మనం బడిలో గొప్ప గుణంగా నేర్పేది నిదానంగా, లోతుగా చదవడం. పుస్తకం విషయంలో దాన్ని మించినది లేదు. ఎవరు రాశారో తెలియని తెర మీద మాత్రం ముందు చేయవలసింది పక్కకు చూడటం. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి తన గురించి తాను ఏమి చెప్పుకుంటున్నాడో అని గంటసేపు వింటామా, ఇరుగుపొరుగును అడుగుతామా? ఈ పద్ధతిని నేర్పడానికి కంప్యూటర్ ల్యాబ్ అక్కర్లేదు. పంతులు ఫోను ఒక్కటి చాలు, నలభై మంది చుట్టూ చేరి చూడవచ్చు.

కేరళలోని కన్నూరు జిల్లాలో 2018లో ఆ పని ఒక పద్ధతిగా మొదలైంది. అప్పటి కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ ‘సత్యమేవ జయతే’ పేరిట 150 ప్రభుత్వ పాఠశాలల్లో పాఠాలు పెట్టించారు. అంతకు ముందటి ఏడాది తట్టు, రుబెల్లా టీకాల మీద వదంతులు లేచి తల్లిదండ్రులు పిల్లలకు సూది వేయించడానికి జంకారు. టీకాకు భయపడిన ఇంట్లో ఆ భయాన్ని తీర్చడం బయటివాళ్ల వల్ల కాదు. బడిలో నేర్చుకున్న పిల్ల, తండ్రి పక్కన కూర్చుని ‘నాన్నా, ఇది ఎవరు పంపారు, వాళ్లకెలా తెలుసు?’ అని మెల్లగా అడిగితే పని జరుగుతుంది. మన రాష్ట్రాల్లో ఆ పని జీవశాస్త్రం పంతులుది. వ్యాధి నిరోధక శక్తి పాఠం చెప్పే రోజున ఆ ఊరి గ్రూపుల్లో తిరిగిన టీకా మాటలను కూడా బోర్డు మీద రాయాలి. అభిప్రాయం వేరు, వాస్తవం వేరని నేర్పవలసింది సాంఘిక శాస్త్రం. గ్రాఫులో నిలువు గీత సున్నా దగ్గర కాక మధ్యలో మొదలుపెడితే చిన్న తేడా ఎంత పెద్దదిగా కనిపిస్తుందో లెక్కల మాస్టారు ఒక్క సుద్దముక్కతో చూపించగలరు. కొత్త సబ్జెక్టు వద్దు. కొత్త పుస్తకం వస్తే దానికీ ఒక గైడు వస్తుంది, పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు.

ఇక్కడ మాస్టారి గురించి చెప్పాలి. ఆయన బడిలో గోడపత్రిక నడిపారని మీలో చాలామందికి తెలుసు. పదిహేను రోజులకొక సంచిక, హెడ్మాస్టరు గది పక్క గోడ మీద. పేరు రాయకుండా ఏదీ గోడెక్కకూడదు. తోటి విద్యార్థి గురించి ఏం రాసినా అంటించే ముందు వాడికి చదివి వినిపించాలి. తప్పు వస్తే తర్వాతి సంచికలో అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయాలి. ఎనిమిదో తరగతి పిల్లలమే సంపాదకులం. ఎవరినైనా ఎగతాళి చేస్తూ రాస్తే, వాడి ఎదురుగా నిలబడి ఆ మాటలు పైకి చదవాల్సి వచ్చేసరికి గొంతు పెగిలేది కాదు, సగం వాక్యాలు మేమే కొట్టేసుకునేవాళ్లం. ఆయన మాకు ఒక్క ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ పద్ధతే మాకు నేర్పింది.

కొత్త మాధ్యమం వచ్చినప్పుడు తెలుగు పంతులు దూరంగా నిలబడి తిట్టిన చరిత్ర మనది కాదు. 1874లో వివేకవర్ధిని మొదలుపెట్టిన కందుకూరి వీరేశలింగం వృత్తి బడి పంతులుతనమే. అచ్చు యంత్రాన్ని చేతిలోకి తీసుకుని, ఊరి పెద్దల ముఖం మీద చెప్పలేని మాటలను తన పేరుతో అచ్చువేసి, వచ్చినదంతా భరించాడు. ఇవాళ ప్రతి పిల్లవాడి జేబులోనూ ఒక పత్రిక ఉంది, దానికి సంపాదకుడు లేడు. తొమ్మిదో తరగతికి ఒక వాట్సాప్ గ్రూపో, బడికి ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీయో పెట్టి, మాస్టారి మూడు నియమాలతో పిల్లల చేతనే నడిపించండి. వారానికో సంపాదక వర్గం మారాలి. పొరపాటు జరిగినప్పుడు సవరణ వేసే బాధ్యత వాళ్లదే కావాలి.

ఇక అన్నిటికన్నా బరువైన సంగతి. ఒక అమ్మాయి వార్షికోత్సవంలో దిగిన ఫోటోను ఎవరో తీసుకుని మార్చేస్తారు. ఇంకా ఫోటోలు పంపకపోతే మీ నాన్నకు చూపిస్తానని బెదిరిస్తారు. ఆ పిల్ల ఎవరికి చెబుతుంది? ఇంట్లో చెబితే ముందు పోయేది ఫోను, తర్వాత పోయేది చదువు, ఆపైన పెళ్లిచూపులు. సొంత ఫోను అమ్మాయిలకు అంత అరుదుగా దొరుకుతోందని ఇందాక అంకెలు చూశాం. దొరికినదాన్ని పోగొట్టుకోవాలని ఎవరికీ ఉండదు. ఆ భయం బెదిరించేవాడికి బాగా తెలుసు, వాడి బలమంతా అందులోనే ఉంది. అందుకే ఆమె ముందుగా వచ్చేది, వస్తే, తనకు నచ్చిన టీచరమ్మ దగ్గరికే.

ఆ క్షణంలో మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఆ పిల్ల బతుకును ఎటైనా తిప్పగలదు. ‘అసలు ఫోటో ఎందుకు పెట్టావమ్మా?’ అన్నామా, ఆ పిల్ల ఇక జన్మలో నోరు విప్పదు. ‘తప్పు నీది కాదు తల్లీ, చెప్పి మంచి పని చేశావు, నేనున్నాను’ అనాలి. ఆ ఫోటోను స్టాఫ్‌రూమ్‌లో చూపించకూడదు. ఆధారం కోసమని మన ఫోనుకు పంపించుకోకూడదు. పిల్లల అశ్లీల చిత్రాలను పంపడం, దాచుకోవడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద, పోక్సో చట్టం కింద నేరాలు. తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా దాచి ఉంచుకోవడాన్ని కూడా తేలిగ్గా తీసుకోకూడదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బెదిరించినవాడి ఖాతా పేరు, లింకు, సందేశం వచ్చిన వేళ కాగితం మీద రాసుకుంటే చాలు. చాట్ చెరపవద్దని పిల్లకు చెప్పాలి. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం కూడా శిక్షార్హమే. బడి పరువు పోతుందని దాచిపెట్టే హెడ్మాస్టరుకు ఈ సెక్షన్ చదివి వినిపించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, సైబర్ నేరాలకు 1930, ఇంకా జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉన్నాయి. ‘టేక్ ఇట్ డౌన్’ అని ఒక ఉచిత సేవ ఉంది. 18 ఏళ్లలోపు వాళ్ల చిత్రాలు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి చోట్ల తిరగకుండా అది పట్టుకుంటుంది. చిత్రాన్ని ఎక్కడికీ పంపనక్కర్లేదు, దాని గుర్తుగా ఒక సంఖ్య మాత్రమే వెళుతుంది. ఈ సంగతి తెలిసిన పిల్లకు ఊపిరి తిరుగుతుంది.

ఆ ఫోటో మార్చి బెదిరించినవాడు మన బడి పిల్లవాడే కావచ్చు. వాణ్ణి అసెంబ్లీలో నిలబెట్టి కొట్టాలనిపిస్తుంది, నిజమే. నలుగురి ముందు ఒకరి పరువు తీయడం పెద్దవాళ్లకు చెల్లుతుందన్నదే వాడు దాన్నుంచి నేర్చుకునేది. పైగా బాల నేరస్థుడి గుర్తింపును, బాధితురాలి గుర్తింపును బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. చట్టం చేయవలసింది చట్టం చేస్తుంది. ఆ పిల్ల అనుభవించినదేమిటో వాడికి తెలిసివచ్చేలా కూర్చోబెట్టి మాట్లాడవలసింది మనం, అది ఒకసారితో అయ్యే పనీ కాదు.

మన చేతిలోని ఫోను సంగతి కూడా చెప్పక తప్పదు. చదవలేక తడబడుతున్న మూడో తరగతి పిల్లవాణ్ణి వీడియో తీసి గ్రూపులో పెట్టడం, దాతల నుంచి చెప్పులు అందుకుంటున్న పిల్ల ముఖాన్ని స్టేటస్‌గా పెట్టుకోవడం మన బడుల్లో రోజూ జరుగుతున్నాయి. మనసులో దురుద్దేశం ఉండదు. కానీ ఆ పిల్లను అడిగామా? 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంది. చట్టం సంగతి అటుంచండి. చెప్పులు పుచ్చుకున్న ఆ పిల్లకు రేపు పదిహేనేళ్లు వస్తాయి, ఆ ఫోటో అప్పటికీ అక్కడే ఉంటుంది.

ఈ సభలో మండల విద్యాధికారులు, డైట్ అధ్యాపకులు ఉన్నారు. వారికి నాదొక విన్నపం. బీఈడీ, డీఈడీ శిక్షణలో ఈ పనికి చోటు కల్పించమని అడగండి. అది వచ్చేలోపు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట దీనికివ్వండి. ఆ పూట ఉపన్యాసాలు వద్దు. ఆ వారం ఊరి గ్రూపుల్లో తిరిగిన నాలుగు సందేశాలు తెచ్చుకుని, ఎక్కడ పుట్టాయో కలిసి వెతకండి. ఏఎన్‌ఎమ్‌ను, స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్‌ను పిలవండి, గద్వాలలో ఊరూరూ తిరిగింది కానిస్టేబుళ్లే. తొమ్మిదో తరగతి నుంచి ఇద్దరు పిల్లలను కూడా కూర్చోబెట్టండి. ఏ యాప్‌లో ఏం జరుగుతోందో మనకు వాళ్లే చెప్పాలి. వాళ్లు చెప్పేటప్పుడు మధ్యలో అడ్డు తగలకుండా వినండి.